కాలు తీసినా కారు బ్రేకు లైట్లు ఆరకపోతే: తరచుగా అడిగే ప్రశ్నలు

కారు ఆపి, తాళం వేసి, నాలుగడుగులు నడిచాక ఎందుకో వెనక్కి తిరిగి చూస్తారు. లోపల ఎవరూ లేరు. వెనక మాత్రం బ్రేకు లైట్లు ఎర్రగా వెలుగుతూనే ఉన్నాయి. కొందరికి ఆ చూపు కూడా దక్కదు. పొద్దున్నే సెల్ఫ్ కొడితే టిక్కుటిక్కుమని చప్పుడు తప్ప ఇంజిన్ తిరగదు, రాత్రంతా బ్యాటరీని తాగింది ఎవరో తర్వాతెప్పుడో తెలుస్తుంది. ఈ జబ్బుకు కారణాలు చాలానే ఉన్నా, వెతకడం ఎప్పుడూ బ్రేకు పెడల్ పైన ఉన్న జానెడు చోటు నుంచే మొదలుపెట్టాలి. స్విచ్ కొనడం ఆ తర్వాతి మాట.

వెలుగుతున్నవి బ్రేకు లైట్లా, పార్కింగ్ లైట్లా? ఎలా పోల్చుకోవాలి?

రెండూ ఒకే ఎర్ర గాజు వెనక, చాలాసార్లు ఒకే బల్బులో ఉంటాయి కాబట్టి అనుమానం రావడం సహజం. పార్కింగ్ లైట్లు, హెడ్‌లైట్లు పూర్తిగా ఆపేసి చూడండి. అప్పుడు కూడా వెనక అద్దం దగ్గర ఎత్తుగా ఉండే మూడో లైటు వెలుగుతుంటే ఇక సందేహం లేదు, అది బ్రేకుకే వెలిగే లైటు. పాత కార్లకు ఈ మూడో లైటు ఉండకపోవచ్చు. అమెరికాలో కూడా దాన్ని 1986 మోడల్ కార్ల నుంచే తప్పనిసరి చేశారు.

డాష్‌బోర్డులో వెలిగే ఎర్రని బ్రేకు గుర్తు సంగతి పూర్తిగా వేరు. అది హ్యాండ్‌బ్రేకు వదలలేదనో, బ్రేకు ఆయిల్ తగ్గిందనో చెబుతుంది. "బ్రేకు లైటు ఆరట్లేదు" అని ఫోన్‌లో చెబితే మెకానిక్ రెండింట్లో ఏదో ఒకటి ఊహించుకుంటాడు. వెనక లైట్లో, మీటర్లో గుర్తో స్పష్టంగా చెప్పండి.

ఆ స్విచ్ ఎక్కడుంటుంది? ఎలా పనిచేస్తుంది?

స్టీరింగ్ కింద తల దూర్చి టార్చి వేస్తే బ్రేకు పెడల్ కాడ పైకి వెళ్లి ఒక ఇనుప బ్రాకెట్‌లో కలవడం కనిపిస్తుంది. ఆ బ్రాకెట్‌కు బిగించిన, బొటనవేలంత ప్లాస్టిక్ ముక్కే బ్రేకు లైటు స్విచ్. దాని వెనక రెండో నాలుగో వైర్ల కప్లర్ (వైర్లను స్విచ్‌కు కలిపే ప్లగ్గు), ముందు పెడల్ కాడ వైపు ఒక చిన్న బొడిపె.

తికమక పెట్టేది ఇక్కడే. కాలింగ్ బెల్ నొక్కితే మోగుతుంది. ఈ స్విచ్ తీరు దానికి తలకిందులు. కాలు తీసినప్పుడు పెడల్ కాడ వెనక్కి వచ్చి బొడిపెను లోపలికి నొక్కి పెడుతుంది, లైట్లు ఆరి ఉంటాయి. బ్రేకు తొక్కితే కాడ ముందుకు జరుగుతుంది, బొడిపె బయటికి వస్తుంది, లైట్లు వెలుగుతాయి. అంటే లైట్లు ఆరి ఉండాలంటే ఆ బొడిపెను ఎవరో ఒకరు నొక్కుతూనే ఉండాలి. పెడల్ పూర్తిగా వెనక్కి రాకపోయినా, స్విచ్ కాస్త దూరం జరిగినా, మధ్యలో ఉండాల్సిన బిళ్ళ ఊడినా, స్విచ్ దృష్టిలో మీరు బ్రేకు తొక్కుతున్నట్టే. పైగా చాలా కార్లలో ఈ లైట్లకు కరెంటు నేరుగా బ్యాటరీ నుంచి వస్తుంది. అందుకే తాళం తీసేసినా ఆరవు.

అన్నిటికంటే ముందు ఏం చూడాలి?

మ్యాటు. పెడల్ కింద ముదురు రంగులో, పెంకుల్లాగా, చిన్న చిన్న ప్లాస్టిక్ ముక్కలు పడి ఉన్నాయేమో చూడండి.

చాలా కార్లలో పెడల్ కాడకు సరిగ్గా స్విచ్ బొడిపె తగిలే చోట ఒక రంధ్రం ఉంటుంది. ఆ రంధ్రంలో రబ్బరుదో ప్లాస్టిక్‌దో ఒక బిళ్ళ బిగించి ఉంటుంది. బొడిపె తాకేది ఆ బిళ్ళనే. ఏళ్ల తరబడి ఎండకు, వేడికి అది పెళుసుబారి ఒకరోజు పొడిపొడిగా రాలిపోతుంది. బిళ్ళ పోయాక బొడిపె నేరుగా రంధ్రంలోకి దూరి హాయిగా బయటికి వచ్చేస్తుంది. లైట్లు వెలిగిపోతాయి. స్విచ్‌లో ఏ లోపమూ లేదు, దాన్ని నొక్కాల్సింది లేకుండా పోయింది, అంతే.

ఇది నాకు స్వానుభవం. లైట్లు ఆరడం లేదని స్విచ్ మార్పించాను. బిళ్ళ అప్పటికి సగం విరిగి, సగం మిగిలి ఉంది. మెకానిక్ కొత్త స్విచ్‌ను కాస్త ముందుకు బిగించడంతో ఓ పది రోజులు సర్దుకుంది. మిగతా సగం కూడా రాలగానే మళ్ళీ మొదటికొచ్చింది. "కొత్తదే లోపం" అని ఇద్దరం తీర్మానించుకుని రెండోది వేయించాం. తర్వాత మ్యాట్లు దులుపుతుంటే దొరికాయి ఆ పెంకులు. మంచి స్విచ్‌లు రెండు ఇప్పటికీ నా టూల్ బాక్సులో ఉన్నాయి.

తప్పు పెడల్‌దా, బిళ్ళదా, స్విచ్‌దా, వైర్లదా? సామాను లేకుండా తేల్చుకోవచ్చా?

చాలావరకు తేల్చుకోవచ్చు. లైట్లు కనబడేలా వెనక ఒకరిని నిలబెట్టండి. ఎవరూ లేకపోతే కారు వెనక భాగాన్ని గోడకు దగ్గరగా పెట్టుకుంటే అద్దంలో ఎర్ర వెలుగు కనిపిస్తుంది.

మొదట, బూటు మొనను పెడల్ కిందికి దూర్చి పెడల్‌ను నెమ్మదిగా మీ వైపు పైకి లాగండి. లైట్లు ఆరితే పెడల్ తనంతట తాను పూర్తిగా వెనక్కి రావడం లేదన్నమాట, లేదా స్విచ్ ఒక వెంట్రుకవాసి దూరంగా ఉంది.

ఆరకపోతే కిందికి వంగి స్విచ్ బొడిపెను వేలితో లోపలికి నొక్కండి. కష్టమైన భంగిమే, నడుము పట్టేసే రకంవాళ్ళు సీటు పూర్తిగా వెనక్కి జరుపుకోండి. వేలితో నొక్కగానే ఆరిపోయాయా? స్విచ్ బాగుంది. లోపం బిళ్ళది, లేదా స్విచ్ బిగింపుది. ఇక్కడిదాకా వచ్చినవాళ్ళలో చాలామందికి జవాబు దొరికిపోతుంది.

నొక్కినా వెలుగుతూనే ఉంటే స్విచ్ కప్లర్ పీకండి. పీకగానే ఆరితే స్విచ్ లోపలి కాంటాక్టులు అతుక్కుపోయాయి, స్విచ్ మార్చాలి. పీకినా ఆరకపోతే స్విచ్‌ను వదిలేసి వైరింగ్, రిలే (కరెంటుతో పనిచేసే స్విచ్), బల్బుల వైపు వెళ్ళాలి. ఒక్క జాగ్రత్త: కొత్త కార్లలో స్విచ్ కంప్యూటర్‌కు కబురు మాత్రమే పంపుతుంది, లైట్లు వెలిగించాలా వద్దా అన్నది కంప్యూటర్ నిర్ణయం. అలాంటి కార్లలో కప్లర్ పీకినా లైట్లు ఆరకపోతే దాన్నిబట్టే వైర్ల మీద నింద వేయకండి.

బిళ్ళ మార్చడం నాకు చేతనవుతుందా? దొరికేవరకు ఏం చేయాలి?

చేతనవుతుంది. ఇది వేళ్ళతో చేసే పని. పాత ముక్కలేమైనా రంధ్రంలో మిగిలితే తీసేయండి. కొత్త బిళ్ళ తోకను రంధ్రంలోకి పెట్టి బొటనవేలితో నొక్కితే టక్కున కూర్చుంటుంది. గట్టిగా ఉంటే వేడినీళ్ళలో కాసేపు ఉంచితే మెత్తబడుతుంది. మీ మోడల్ పేరు చెప్పి, వీలైతే పాత ముక్క చూపించి కొనండి. రంధ్రం కొలత కారుకో రకంగా ఉంటుంది. కొన్ని కార్లలో క్లచ్ పెడల్‌కు కూడా ఇలాంటి బిళ్ళే ఉంటుంది. అదీ ఇదే వయసుది కాబట్టి ఎలాగూ వంగారు, దాన్ని కూడా చూసేయండి.

దొరికేవరకు కొందరు ఆ రంధ్రంలో పొట్టి బోల్టు పెట్టి వెనక నట్టు బిగిస్తారు. తల చదునుగా ఉండి, నట్టు వదులు కాకుండా ఉంటే పని జరుగుతుంది. టేపు చుట్టడం, అట్టముక్క ఇరికించడం మాత్రం వద్దు. అవి జారి పెడల్ మెకానిజంలో పడితే లైట్ల బెడద పోయి బ్రేకుల బెడద వస్తుంది.

స్విచ్ సెట్టింగ్ ఎలా? కాస్త ఎక్కువే ముందుకు బిగిస్తే ఏమవుతుంది?

ఈ పేజీలో ఒక్క జవాబే చదువుతానంటే ఇది చదవండి.

మర ఉన్న స్విచ్‌కు లాక్ నట్టు ఉంటుంది. కప్లర్ పీకి, నట్టు వదులు చేసి, స్విచ్‌ను తిప్పుతూ పెడల్ వైపు జరిపి, మధ్యమధ్య కప్లర్ పెట్టి చూస్తూ, లైట్లు ఆరిన చోట ఆగి నట్టు బిగించాలి. పెడల్‌ను కొద్దిగా తొక్కగానే వెలగాలి, వదలగానే ఆరాలి. బొడిపె చుట్టూ ఉన్న మర భాగానికీ పెడల్ బిళ్ళకూ మధ్య కాస్త సందు మిగలాలి. చాలా కార్లలో అది ఒకటి రెండు మిల్లీమీటర్లకు మించదు. కచ్చితమైన అంకె మీ కారు సర్వీస్ మాన్యువల్‌లో ఉంటుంది.

"ఎందుకైనా మంచిది" అని ఆ సందు లేకుండా ముందుకు బిగిస్తే స్విచ్ ఒళ్ళే పెడల్‌ను తోస్తూ ఉంటుంది. బ్రేకు ఎప్పుడూ ఓ నూలుపోగంత తొక్కి ఉన్నట్టు అవుతుంది. కాలు తీసినప్పుడు బ్రేకు ఆయిల్ మాస్టర్ సిలిండర్‌లోని (పెడల్ తొక్కితే ఆయిల్‌ను ఒత్తిడితో చక్రాలకు పంపేది) సన్నని రంధ్రం గుండా డబ్బాలోకి తిరిగి పోవాలి. పెడల్ పూర్తిగా వెనక్కి రాకపోతే ఆ రంధ్రం మూసుకునే ఉంటుంది. ప్యాడ్లు రాసుకుని వేడెక్కుతాయి, వేడికి ఆయిల్ వ్యాకోచిస్తుంది, పోయే దారి లేక ప్యాడ్లను ఇంకా నొక్కుతుంది. నడిచేకొద్దీ బ్రేకులు పట్టేస్తాయి. లైటు ఆర్పడానికి చేసిన రిపేరు చక్రాలను కాల్చకూడదు.

సెట్ చేశాక కారును చదునైన చోట పెట్టి, గేరు న్యూట్రల్‌లో ఉంచి తోసి చూడండి, తేలిగ్గా కదలాలి. కొద్ది దూరం నడిపాక చక్రాల దగ్గర చెయ్యి పెట్టి చూడండి. డిస్కును తాకకండి, కాలుతుంది. సెగ తెలిస్తే చాలు.

స్విచ్‌ను మీటరుతో పరీక్షించడం, కొత్తది బిగించడం ఎలా?

రెండు పిన్నులదైతే సులువు. స్విచ్‌ను బయటికి తీసి, మల్టీమీటర్‌ను కంటిన్యుటీలో (దారి కలిస్తే బీప్ అనే సెట్టింగ్) పెట్టి రెండు పిన్నులకు తాకించండి. బొడిపె వదిలినప్పుడు బీప్ రావాలి, నొక్కినప్పుడు ఆగాలి. పదిసార్లు నొక్కి చూడండి. పాతబడ్డవి తొమ్మిదిసార్లు సరిగ్గా పనిచేసి పదోసారి అతుక్కుంటాయి. నాలుగు పిన్నులదైతే ఒక జత ఇలాగే ఉంటుంది, రెండో జత దీనికి తలకిందులుగా, అంటే నొక్కినప్పుడు కలిసి, వదిలినప్పుడు తెగుతుంది. అది క్రూయిజ్ కంట్రోల్‌కో (వేగాన్ని నిలకడగా ఉంచే ఏర్పాటు) ఇంజిన్ కంప్యూటర్‌కో వెళుతుంది.

బిగించడంలో మోసపోయేది తనంతట తాను సర్దుకునే రకం దగ్గర. పావు వంతు తిప్పి తీసే ఈ స్విచ్‌లలో బొడిపె పళ్ళ మీద జారుతూ తన కొలత తీసుకుంటుంది. మామూలుగా బొడిపెను పూర్తిగా బయటికి లాగి, పెడల్‌ను తొక్కి పట్టుకుని స్విచ్‌ను బిగించి, పెడల్‌ను నెమ్మదిగా వదలాలి. టకటకమని శబ్దం చేస్తూ బొడిపె సరైన చోట నిలుస్తుంది. పెడల్‌ను తటాలున వదిలేస్తే కొలత తప్పుతుంది. కొన్నింటిలో ఈ సర్దుబాటు ఒక్కసారికే పరిమితం, తీసి మళ్ళీ పెడితే పనికిరావు. కాబట్టి సూచనల కాగితం చదివాకే డబ్బాలోంచి తీయండి.

పెడలే పైకి రావడం లేదు. ఏం చేయాలి?

ముందు మ్యాటు ముడతపడి పెడల్ వెనక ఇరుక్కుందేమో చూడండి. నీళ్ళ సీసా దొర్లి వచ్చిన సందర్భాలూ ఉంటాయి. తర్వాత రిటర్న్ స్ప్రింగ్ ఊడిందా, తెగిందా చూడాలి. పెడల్ తిరిగే కీలు దగ్గర దుమ్ము, తుప్పు పట్టి బిగుసుకుంటే శుభ్రం చేసి గ్రీజు పెడితే వదులుతుంది.

ఇవేవీ కాకపోతే అది బూస్టర్‌దో (కాలి బలాన్ని పెంచేది) మాస్టర్ సిలిండర్‌దో అవుతుంది. కారు బరువుగా లాగుతున్నట్టు ఉన్నా, కాలిన వాసన వస్తున్నా, తొక్కితే పెడల్ రాయిలా ఉన్నా అక్కడితో ఆపేసి మెకానిక్‌ను పిలవండి. అప్పుడు వెనక లైట్లు అబద్ధం చెప్పడం లేదు, బ్రేకు నిజంగానే పట్టి ఉంది.

హెడ్‌లైట్లు వేసినప్పుడు మాత్రమే బ్రేకు లైట్లు వెలుగుతున్నాయి. ఇదేం చిత్రం?

పెడల్ వైపు పోనక్కర్లేదు, డిక్కీ తెరిచి బల్బులు విప్పండి.

చాలా కార్లలో బ్రేకుకూ పార్కింగ్‌కూ కలిపి ఒకే బల్బులో రెండు ఫిలమెంట్లు ఉంటాయి, 21 వాట్లది బ్రేకుకు, 5 వాట్లది పార్కింగ్‌కు. బల్బు అడుగున రెండు చుక్కలు, పక్కన ఎత్తు తేడాతో రెండు మేకులు ఉంటాయి. తిరగేసి పెట్టకుండా ఉండటానికే ఆ తేడా. అయినా బలవంతాన దూర్చేవాళ్ళు ఉన్నారు. ఒకే చుక్క ఉన్న సింగిల్ ఫిలమెంట్ బల్బును ఆ హోల్డర్‌లో దూరిస్తే హోల్డర్‌లోని రెండు కాంటాక్టులూ దాని అడుగున కలిసిపోతాయి. ఇక పార్కింగ్ లైటు వేయగానే ఆ కరెంటు బ్రేకు సర్క్యూట్‌లోకి ఎదురెక్కి అవతలి బల్బును, పైనున్న మూడో లైటును కూడా వెలిగిస్తుంది. ఒక ఫిలమెంట్ తెగి రెండోదాని మీద పడినా ఇదే జరుగుతుంది. దీనికి ఆనవాలు, పార్కింగ్ లైట్లు వేయకుండా బ్రేకు తొక్కితే మీటర్ బోర్డు లైట్లు కూడా వెలగడం.

మసకగా, ఒక పక్కే వెలిగితే ఎర్త్‌ను (కరెంటు కారు బాడీ గుండా తిరిగి వెళ్ళే దారి) అనుమానించండి. ఎర్త్ వైరు తుప్పుపట్టినప్పుడు కరెంటు పక్క ఫిలమెంట్ గుండా దారి వెతుక్కుంటుంది. ఇండికేటర్ వేస్తే బ్రేకు లైటు మినుకుమినుకుమనడం లాంటి వింతలన్నీ దీని చలవే. బోల్టు విప్పి, ఇనుము మెరిసేదాకా గరుకు కాగితంతో రుద్ది బిగించండి.

ఎల్‌ఈడీ బల్బులు వేయించాక పూర్తిగా ఆరడం లేదు. పాడైనట్టేనా?

కాదు. కొన్ని కార్ల కంప్యూటర్లు బల్బు బాగుందో లేదో చూడటానికి ఆరి ఉన్నప్పుడు కూడా కొద్ది కొద్దిగా కరెంటు పంపి చూస్తాయి. ఆ బొట్టంత కరెంటుకు మామూలు ఫిలమెంట్ వెలగదు, ఎల్‌ఈడీ వెలుగుతుంది. పాత బల్బు పెట్టి చూడండి, ఆరితే కారణం అదే. మీ కారుకు తగిన, లోపలే రెసిస్టర్ ఉన్న ఎల్‌ఈడీ తీసుకోవచ్చు. విడిగా రెసిస్టర్ కడితే అది బాగా వేడెక్కుతుంది, ప్లాస్టిక్‌కు, వైర్లకు తగలనివ్వకూడదు. నన్నడిగితే మామూలు బల్బే మేలు.

స్విచ్, బల్బులు అన్నీ బాగున్నాయి. అయినా ఆరడం లేదు. ఇంకెక్కడ చూడాలి?

వైర్లు వంగే చోట. డిక్కీ తలుపు తెరిచి మూసినప్పుడల్లా కీలు దగ్గరి వైర్ల కట్ట వంగి లేస్తుంది. ఏళ్ళు గడిచేసరికి పైపొర చిట్లి, కరెంటున్న వైరు బ్రేకు వైరును తాకుతుంది. డిక్కీ తెరిస్తే లైటు ఆరుతుంది, మూస్తే వెలుగుతుంది అంటే ఇంకెక్కడా వెతకకండి. తర్వాత ట్రెయిలర్ కోసమో, రివర్స్ కెమెరా కోసమో, అలారం కోసమో ఎవరైనా మధ్యలో వైరు కోసి అతికించారేమో చూడండి. వెనక లైట్ల డబ్బాలో నీళ్ళు చేరినా, హోల్డర్ కరిగినా షార్ట్ అవుతుంది. కొన్ని కార్లలో బ్రేకు లైట్లకు రిలే కూడా ఉంటుంది. అది అతుక్కుంటే స్విచ్‌తో పనిలేకుండా వెలుగుతాయి. రిలే పీకితే ఆరడమే గుర్తు.

ఈ లోపం వల్ల కారులో ఇంకేమైనా తేడాలు వస్తాయా?

వస్తాయి, చాలామంది వీటిని విడి జబ్బులనుకుంటారు. బ్రేకు తొక్కి ఉందనుకుని క్రూయిజ్ కంట్రోల్ పనిచేయదు. ఆటోమేటిక్ కారులో బ్రేకు తొక్కకుండానే గేరు పార్క్ నుంచి కదిలిపోతుంది, ఇంట్లో పిల్లలుంటే ఇది ప్రమాదం. బటన్ స్టార్ట్ కారు పెడల్ ముట్టకుండానే స్టార్ట్ అవుతుంది. బ్రేకు, యాక్సిలరేటర్ కలిపి తొక్కితే ఇంజిన్ పవర్ తగ్గించే ఏర్పాటు ఉన్న కార్లలో బండి లాగనట్టు ఉండొచ్చు.

కారు కంప్యూటర్‌లోని లోపాల కోడ్‌లు చదివే స్కానర్ పెడితే పి0571 గానీ పి0504 గానీ రావచ్చు. మొదటిది బ్రేకు స్విచ్ సర్క్యూట్ గురించి, రెండోది స్విచ్‌లోని రెండు జతలు ఒకదానికొకటి పొంతన లేని కబురు పంపుతున్నాయని. కోడ్ చూసి వెంటనే స్విచ్ కొనకండి, బిళ్ళ రాలినా ఇవే వస్తాయి. కోడ్ కన్నా లైవ్ డేటాలో బ్రేకు స్విచ్ వరుస చూస్తూ పెడల్ తొక్కి వదలడం ఎక్కువ చెబుతుంది.

రాత్రంతా వెలిగితే బ్యాటరీ నిజంగా అయిపోతుందా?

21 వాట్ల బల్బులు రెండంటే 42 వాట్లు. 12 వోల్టుల మీద మూడున్నర ఆంపియర్లు, మూడో లైటు కాక. పది గంటలకు 35 ఆంపియర్-అవర్లు. చిన్న కారులోని 45 ఆంపియర్-అవర్ల బ్యాటరీలో ఇక సెల్ఫ్ తిప్పే సత్తువ మిగలదు. బ్యాటరీ పాతదైతే అర్ధరాత్రికే చేతులెత్తేస్తుంది. ఎల్‌ఈడీ లైట్లైతే ఇంకా ఎక్కువసేపు ఆగుతుంది.

రిపేరు చేయించే దాకా ఫ్యూజు పీకేసి నడపొచ్చా?

ఆపి ఉన్నప్పుడు పీకండి, బ్యాటరీ మిగులుతుంది. ఆ ఫ్యూజు మీదే హారన్ లాంటివి ఇంకేమైనా ఉన్నాయేమో మూత మీది పట్టికలో చూసుకోండి. నడిపేటప్పుడు మాత్రం పెట్టాల్సిందే. బ్రేకు లైట్లు లేకుండా నడిపితే మీరు ఆపుతున్న సంగతి వెనకవాడికి తెలియదు.

అలాగని వెలుగుతూనే ఉన్నా ఫరవాలేదని కాదు. ఎప్పుడూ వెలిగే లైటు ఏమీ చెప్పదు, వెనకవాడికి తెలిసేది అప్పుడూ అంతే. గ్యారేజీ దాకా వెళ్ళక తప్పకపోతే పగటిపూట, నెమ్మదిగా వెళ్ళండి. పెడల్‌ను మధ్యమధ్య బూటు మొనతో పైకి లాగుతూ మాత్రం వెళ్ళకండి. ఆ విద్య కొందరు చెబుతారు, కాలు అవసరమైన క్షణానికి పెడల్ కింద ఇరుక్కుని ఉంటుంది.

ఎలక్ట్రిక్ కారులో బ్రేకు ముట్టకుండానే లైట్లు వెలుగుతున్నాయి. లోపమా?

యాక్సిలరేటర్ వదిలినప్పుడు వెలిగి, వేగం నిలకడగా ఉన్నప్పుడు ఆరితే లోపం కాదు. కాలు తీయగానే మోటారే కారును ఆపుతూ బ్యాటరీ నింపుతుంది. ఆ ఆపుడులో వేగం ప్రతి సెకనుకూ సెకనుకు 1.3 మీటర్ల కంటే ఎక్కువగా తగ్గితే బ్రేకు లైట్లు వెలగాలని ఐక్యరాజ్యసమితి వాహన నిబంధన, 0.7 లోపైతే వెలగకూడదని కూడా. సిగ్నల్ దగ్గర ఆటో హోల్డ్ (ఆగిన కారును తనంతట తాను కదలకుండా ఉంచే ఏర్పాటు) పట్టి ఉన్నప్పుడు వెలగడమూ మామూలే. కారు ఆపి, లాక్ చేశాక కూడా వెలిగితేనే అనుమానించాలి.

మా కారు బాగా పాతది. పెడల్ దగ్గర స్విచ్చే కనబడటం లేదు.

కొన్ని పాత కార్లలో స్విచ్ బ్రేకు పైపులోనో మాస్టర్ సిలిండర్ మీదో ఉంటుంది, ఆయిల్ ఒత్తిడికి పనిచేస్తుంది. లైట్లు ఆరకపోతే స్విచ్ అతుక్కుందో, పైపులో ఒత్తిడి మిగిలిపోయిందో తేల్చాలి. కప్లర్ పీకి మీటరు పెట్టండి. పెడల్ వదిలాక కూడా కలిసే ఉంటే చక్రాలు చేత్తో తిప్పి చూడండి. తేలిగ్గా తిరిగితే స్విచ్ పోయింది, బిగుతుగా ఉంటే బ్రేకు వదలడం లేదు. ఈ స్విచ్ విప్పితే ఆయిల్ కారుతుంది, గాలి చేరుతుంది. బిగించాక బ్రేకులు బ్లీడ్ చేయాల్సిందే (అంటే పైపుల్లోని గాలి తీసేయాలి), కాబట్టి ఆ పని తెలిసినవాళ్ళు పక్కన ఉన్నప్పుడే స్పానర్ పట్టండి.